శాసనంలో ఉప్పు లేదు

పెదగరువు చరిత్ర పరిరక్షణ సంఘం ఏడాది పొడుగునా ఏం పరిరక్షిస్తుందో ఊళ్ళో ఎవరినడిగినా చెప్పలేరు గాని, విజయదశమి మధ్యాహ్నం అది పెట్టే విందు సంగతి మాత్రం పాకే పిల్లలకు కూడా తెలుసు. సంఘం హాలు బస్సు రోడ్డు పక్కనే ఉంది. గుమ్మం ముందు సిమెంటు దిమ్మె, దిమ్మె మీద ఒక నల్లరాయి, రాయి మీద ఏడువందల ఏళ్ళనాటి శాసనం. ఆ రాయి చాలాకాలం కాలవరేవులో బట్టలుతికే బండగా పనిచేసింది. ఒకనాడు కామేశం గారు స్నానానికి దిగి, దాని మీద పంచె ఉతుక్కుంటూ, అరచేతికి అక్షరాలు తగిలి కెవ్వున కేకేశారు. ఆ కేకలోంచే సంఘం పుట్టింది.

కామేశం గారు పోయి ఆరేళ్ళయింది. ఆయన సభ్యత్వం తీర్మానపూర్వకంగా ఆయన భార్య పేరిందేవికి సంక్రమించింది. ఆమెకు సంఘం సమావేశాల మీద ఆశ లేదు, ఉపన్యాసాల మీద అసలే లేదు. ఉన్న ఆశల్లా ఒక్క విస్తరాకు మీద. మొదటి బంతిలో, గుమ్మానికి ఎదురుగా వేసే ఆకు అది.

ఆ ఆకుకో కథ ఉంది. ఆయన పోయిన మరుసటి ఏడు ఆమె గుమ్మడికాయ దప్పళం గిన్నె పట్టుకుని విందుకు వచ్చి, తిన్నగా వంటపాక వైపు నడిచింది. చుట్టాల ఇళ్ళల్లో శుభకార్యాలకు వెళ్ళి వెళ్ళి ఆమె కాళ్ళకు ఆ దారి అలవాటైపోయింది. "మీరు ఆనక తీరిగ్గా కూర్చుందురుగాని పిన్నీ" అని ఎంతో మర్యాదగా అటు తిప్పేసేవాళ్ళు. ఆ తీరిక వచ్చేసరికి పప్పు అడుగంటేది, బూరెలు అయిపోయేవి. అప్పటి అధ్యక్షుడు ఆమెను పాక గుమ్మంలో ఆపి, "రాయి దొరికిన ఇంటివాళ్ళు మొదటి బంతిలో కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారమ్మా" అని చెయ్యి చూపించాడు. ఆమె కూర్చుంది. అప్పటినుంచి ఏటా కూర్చుంటూనే ఉంది. పండగపూట బంతిలో కూర్చోవడం ఎంత సంగతో, రోజూ కూర్చునేవాళ్ళకు తెలియదు.

ఆ అధ్యక్షుడు కాలం చేశాక దండపాణి గారు ఆ కుర్చీలోకి వచ్చారు. ఆయన సబ్ రిజిస్ట్రారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. దస్తావేజు చూపించకపోతే కన్నతల్లిని కూడా "తల్లిగా చెప్పుకొనుచున్న స్త్రీ" అని రాసే మనిషి.

నిరుడు విందుకు జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరు ముఖ్య అతిథిగా వచ్చాడు. వంట సూరీడు సరదాపడి గోబీ మంచూరియా కూడా వేశాడు. ఆఫీసరు ఒక ముక్క పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది ఏ రాజుల కాలం నాటిదండీ?" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. దండపాణి గారు నవ్వలేదు. ఆ ముక్క ఆయన గొంతులో ఏడాదిపాటు అలాగే ఉండిపోయింది.

ఈ ఏడు వినాయక చవితి వెళ్ళగానే సమావేశం పెట్టారు. అధ్యక్షులవారు లేచి, చరిత్ర సంఘపు విందులో చరిత్ర లేని పదార్థమునకు ప్రవేశము లేదని, మన రాయి చెక్కిన నాటికి ఈ దేశములో లేని ఏ వస్తువునూ వడ్డించరాదని తీర్మానము ప్రతిపాదించారు. అందరూ చప్పట్లు కొట్టారు. బంగాళాదుంప పోయింది. టమాటా పోయింది. క్యాబేజీ పోతే కొందరు సంతోషించారు కూడా. ఇంతలో ఎవరో మిరపకాయ కూడా ఓడలెక్కి వచ్చినదే కదా అన్నారు. హాలు ఒక్కసారిగా చల్లబడింది. గోదావరి గట్టున పుట్టి మిరపకాయ పరాయిదని ఒప్పుకోవడం మాటలా. కాని తీర్మానం అప్పటికే నెగ్గింది.

వంట సూరీడు ఈ మాట విని, కారం లేకుండా వండితే తనను వంటవాడనరని, ఆసుపత్రి వాడంటారని మొత్తుకున్నాడు. మిరియాలు వాడుకొమ్మన్నారు. మర్నాడు సంఘం కార్యదర్శి గుర్నాథం పేరిందేవి ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని చాలాసేపు నీళ్ళు నమిలాడు. ఇన్సూరెన్సు ఏజెంటుగా ఎన్నో ఇళ్ళల్లో చావు కబుర్లు నేర్పుగా మాట్లాడినవాడు, ఈ కబురు చెప్పలేకపోయాడు.

"ఈసారి మీరు దప్పళం తేనక్కర్లేదండి పిన్నిగారూ. గుమ్మడికాయ కూడా పరాయి దేశపుదేనటండి."

"మా పెరట్లో కాసింది కదయ్యా."

"తీగ మీ పెరట్లోదేనండి. వంశమే పరాయిది."

పేరిందేవి నవ్వి ఊరుకుంది. దప్పళం పోతే పోయింది. ఆకు ఉంటే చాలు.

అయితే తీర్మానాలకూ మేకలకూ ఒకచోట నిలబడే అలవాటు లేదు. పది రోజులు తిరక్కుండానే ఆధారాల ఉపసంఘం ఏర్పడింది. దానికి ఏసుపాదం మాస్టారు అధ్యక్షుడు. ఆయన పొరుగూరు లంకలపూడిలో ఉంటాడు. డ్రిల్లు మాస్టారుగా రిటైరై, తోచక రోజూ బస్సెక్కి పెదగరువు వస్తాడు. మనిషి సరదాపరుడు. మొహం మాత్రం ఎప్పుడూ పెరేడులో ఉన్నట్టు పెడతాడు.

ఉపసంఘం మొదటి సందేహం లేవదీసింది. రాయి నాటికి దేశంలో వంకాయ ఉంది, నిజమే. ఆ వంకాయను పెదగరువులో వండుకు తిన్నారనడానికి దాఖలా ఏది? దండపాణి గారు ఆనందంతో పులకించిపోయారు. ఉద్యోగంలో ఉన్న రోజులు గుర్తుకొచ్చాయి. పక్క గ్రామపు దస్తావేజు మన గ్రామపు భూమికి చెల్లదని ఉదాహరించి, ఇకమీదట రాయి మీద పేరున్న పదార్థములు మాత్రమే వడ్డించబడునని ప్రకటించారు. అందరూ బయటికి వెళ్ళి రాయి ముందు నిలబడ్డారు. గుర్నాథం చూపుడువేలు పెట్టి చదివాడు. బియ్యం ఉంది. పప్పు ఉంది. నెయ్యి ఉంది. మజ్జిగ ఉంది. నెయ్యికీ మజ్జిగకీ మధ్య జానెడు జాగా నున్నగా ఉంది. బట్టలుతికి బట్టలుతికి అక్కడి అక్షరాలు అరిగిపోయాయి.

"ఉప్పేదండీ?" అన్నాడు సూరీడు వెనకనుంచి.

ఉప్పు లేదు. దాని మీద రెండు ఆదివారాలు చర్చ జరిగింది. ఉప్పు అరిగిపోయిన భాగంలోనే ఉండి తీరాలని ఒక వర్గం, ఉప్పులాంటి ముఖ్య వస్తువును నెయ్యి తర్వాత చెక్కుతారా అని ఇంకో వర్గం చేరి, రెండు వర్గాలూ ఒకరింటికొకరు పేరంటాలకు కూడా పిలుచుకోవడం మానేశాయి. చివరకు ఏసుపాదం మాస్టారు నివేదిక ఇచ్చాడు. అరిగిపోయిన భాగమునందు ఉప్పు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కావున ఉప్పును ఆకులో వడ్డించకుండా, ఒక గిన్నెలో బంతి చివర ఉంచి, "నిర్ధారణ కాలేదు" అని అట్ట తగిలించవలెను. కావలసిన వారు తమ సొంత పూచీ మీద వేసుకోవచ్చును.

ఇంతవరకూ పేరిందేవి నోరు విప్పలేదు. మహాలయ అమావాస్య ముందు జరిగిన సమావేశంలో కూర్చునే పద్ధతి చర్చకు వచ్చింది. బల్లలు, కుర్చీలు ఎత్తేశారు. చాపలు కూడా ఎత్తేస్తే మోకాళ్ళ నొప్పుల వాళ్ళు గోల చేశారు గాని, ఆ కాలమునందు మోకాళ్ళ నొప్పులు ఉన్నట్టు ఆధారము లేదన్నారు. తర్వాత బంతుల వరస. పూర్వం కులాలవారీగా కూర్చునేవారు కదా అని ఒక పెద్దమనిషి నసిగాడు. ఏసుపాదం మాస్టారు తల తిప్పి ఆయన వంక అదేపనిగా చూశాడు. అధ్యక్షులవారు వెంటనే లేచి, అది చట్టరీత్యా నేరము కనుక ఆ విషయము అరిగిపోయిన భాగములో ఉన్నట్టు భావించవలెనని రూలింగు ఇచ్చారు. పోలీసులు పట్టుకోనిది ఏదో అదే మిగిలిన సంప్రదాయం. కనుక మొదటి బంతి పురుషులు, రెండవ బంతి సువాసినులు, మూడవ బంతి మిగిలినవారు అని గుర్నాథం రాసుకున్నాడు.

మిగిలినవారు అంటే సంఘంలో ఉన్నది ఒక్కతే. అందరూ ఆ ఒక్కతె వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డారు. ఒకాయన ఫ్యాను వంక చూశాడు, ఇంకొకాయన చెప్పులు వెతుక్కున్నాడు. పేరిందేవికి వంటపాక దారి కళ్ళముందు తిరిగింది. అడుగంటిన పప్పు వాసన కూడా వేసింది. ఆమె మెల్లిగా లేచింది.

"అధ్యక్షులవారూ, ఏం తినాలో రాయి చెప్పింది సరే. ఎవరు తినాలో ఏమైనా చెప్పిందాండీ?"

దండపాణి గారు మంచి ప్రశ్న అన్నారు. ఆమెను మూడో బంతికి పంపించిన నొచ్చుకోలు ఆయనకూ లోపలెక్కడో ఉంది. రాయిలో ఏదైనా దారి దొరికితే బాగుండునని కూడా అనుకుని ఉంటారు. గుర్నాథాన్ని పంపించారు. అతను వెళ్ళి, కూర్చుని, వేలితో తడిమి, వెనక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఉందండి. ఈ బియ్యమూ ఈ పప్పూ దారిన పోయే బాటసారులకు పెట్టాలని ఉందండి. ఊళ్ళోవాళ్ళ మాట లేదండి."

"అయితే నేను మూడో బంతికి కూడా పనికిరానన్నమాట. పోనీండి," అంది పేరిందేవి కూర్చుంటూ. "తమరు కూడా పనికిరారు."

ఇంకెవరైనా అయితే అక్కడితో నవ్వేసి, సూరీణ్ణి పిలిచి, మిరపకాయలు తెప్పించేవారు. దండపాణి గారు అలాంటి వారు కారు. సొంత బావమరిది దస్తావేజునే సంతకం వంకరగా ఉందని తిప్పి పంపిన చరిత్ర ఆయనది. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, తెరిచి, సంఘ సభ్యులు పండుగ నాడు బాటసారులు కావలెనని తీర్మానించారు.

బాటసారి ఎవరు? ఆ రోజున పొరుగూరి నుంచి ఈ ఊరికి వచ్చినవాడు. ఆధారం? బస్సు టికెట్టు. కనుక సభ్యులందరూ పండగ పొద్దున్నే బస్సెక్కి లంకలపూడి వెళ్ళాలి, మళ్ళీ బస్సెక్కి తిరిగి రావాలి, తిరుగు టికెట్టు గుమ్మంలో ఆధారాల ఉపసంఘానికి చూపించాలి. ఏసుపాదం మాస్టారు రోజూ వచ్చేవాడే గనక పుట్టు బాటసారిగా గుర్తించి, గుమ్మం కాపలా ఆయనకు అప్పగించారు.

పేరిందేవి ప్రాణం లేచొచ్చింది. బాటసారుల్లో మూడో బంతి లేదు. బస్సే కదా, ఎక్కి వస్తుంది. పైగా ఆడవాళ్ళకు ఉచితం. ఆ ఉచితం దగ్గరే చిక్కొచ్చిపడింది. ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు ఆధారమవుతుందా అని గుర్నాథం అమాయకంగా అడిగాడు. దండపాణి గారి మొహంలో ముప్ఫై ఏళ్ళ సర్వీసు వెలిగింది.

"స్టాంపు రుసుము చెల్లించని దస్తావేజు చెల్లదు. రుసుము చెల్లించని ప్రయాణమునూ ప్రయాణముగా పరిగణింపజాలము."

సభ్యుల భార్యలు పోతే పోయిందన్నారు. ఉప్పు లేని పప్పు కోసం ఊరేగడం ఎందుకు, ఇంట్లో గారెలు వండుకుంటామన్నారు. వాళ్ళకు ఇళ్ళల్లో బంతులున్నాయి. పేరిందేవికి ఇంట్లో ఉన్నది ఒక్క కంచం. ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అధ్యక్షులవారు ఆమెకు ఆతిథ్య పర్యవేక్షకురాలు అని ఒక హోదా ఇచ్చారు. సభ్యులు వచ్చేలోగా హాలూ వంటపాకా చూసుకోవడం ఆ హోదాగల వారి పని. అంటే, మళ్ళీ పాక దారే.

విజయదశమి పొద్దున్న సభ్యులు కొత్త పంచెలు కట్టుకుని, బొట్లు పెట్టుకుని, పెళ్ళికి తరలినట్టు బస్సెక్కారు. ఆ దారిలో తిరిగేది ఒక్కటే బస్సు. పట్నం నుంచి పెదగరువు మీదుగా లంకలపూడి వెళ్ళి, అక్కడ తిరిగి మళ్ళీ ఇదే దారిన పట్నం పోతుంది. లంకలపూడిలో దిగగానే అదే బస్సులో వెనక్కి వచ్చేద్దామని గుర్నాథం అన్నాడు. అధ్యక్షులవారు ఒప్పుకోలేదు. దిగి ఎక్కిన మాత్రాన ప్రయాణము కాదు, ప్రయాణమునకు గమ్యము ఉండవలెను అన్నారు. కనుక ఆ బస్సును పోనిచ్చి, ఆ ఊళ్ళో గుడి చూసి, హోటల్లో కాఫీలు తాగారు. లంకలపూడిలో కాఫీ మీద నిషేధం లేదు. ఏసుపాదం మాస్టారు మాత్రం ఆ బస్సులోనే పెదగరువు వచ్చి, గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

పన్నెండు దాటింది. సూరీడు అన్నం వార్చాడు, పప్పు దింపాడు. పేరిందేవి ఆకులు కడిగి వరసగా వేసింది. గుమ్మానికి ఎదురుగా ఉన్న ఆకును రెండోసారి కూడా కడిగింది. ఎవరు కూర్చుంటారో తెలియకపోయినా, ఆ ఆకు మీద ఆమె చెయ్యి కాసేపు ఆగింది.

అప్పుడే పట్నం నుంచి వచ్చే బస్సు సంఘం హాలు ముందు పెద్ద మోత పెట్టి, పొగ కక్కి, ఆగిపోయింది. సభ్యులను వెనక్కి తీసుకురావలసిన బస్సు అదే. డ్రైవరు కిందికి దూరి చూసి, తలకాయ అడ్డంగా ఊపాడు. పట్నం నుంచి మెకానిక్కు రావాలి. మెకానిక్కు ఇంట్లో పండగ. బస్సులోంచి జనం దిగారు. పుట్టిళ్ళకు పోయే ఆడపిల్లలు, ముసలాళ్ళు, చంటిబిడ్డలు, సంచులు. ఎండ మాడ్చేస్తోంది. హాలు నీడకు చేరి, లోపల్నుంచి నేతి వాసన వస్తుంటే గుటకలు మింగుతూ నిలబడ్డారు.

ఏసుపాదం మాస్టారు స్టూలు మీదనుంచి లేచి, పెరేడు మొహంతో అడిగాడు.

"మీరంతా ఏ ఊరండీ?"

ఏవేవో ఊళ్ళు చెప్పారు. పెదగరువు ఒక్కరూ చెప్పలేదు. టికెట్లున్నాయా అన్నాడు. మగవాళ్ళు తీసి చూపించారు, ఆడవాళ్ళు సున్నా టికెట్లు చూపించారు. మాస్టారు వాటిని ఎండకు పెట్టి పరీక్షించి పేరిందేవి వైపు తిరిగాడు.

"అసలు బాటసారులు వచ్చేశారమ్మా. రాయి ప్రకారం ఆపడానికి నాకు అధికారం లేదు. ఈ సున్నాల సంగతి మాత్రం ఆతిథ్య పర్యవేక్షకురాలు తేల్చాలి."

"ఇంజను చచ్చిన బస్సులో వచ్చారు. ఇంతకంటే రుసుమేం కడతారు. రానీండి," అంది పేరిందేవి.

హాలు నిండిపోయింది. సూరీడు వడ్డన మొదలుపెట్టాడు. పప్పన్నం నోట్లో పెట్టుకోగానే జనం మొహమొహాలు చూసుకున్నారు. ఉప్పెక్కడని ఒకాయన అడిగితే, అట్ట తగిలించిన గిన్నె చూపించారు. "నిర్ధారణ కాలేదు" అని చదివి ఆయన భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు ఒక ముసలమ్మ, కూతురి ఇంటికి పట్టుకెళుతున్న ఆవకాయ జాడీ సంచిలోంచి తీసి మూత విప్పింది. ఇంకొకామె గారెల డబ్బా తీసింది. ఎర్రటి ఊట ఆకుల్లో పడేసరికి హాల్లో పండగొచ్చింది.

గుమ్మానికి ఎదుటి ఆకు ఒక్కటి ఖాళీగా ఉంది.

"కూర్చోండి వదినగారూ," అంది జాడీ ముసలమ్మ. "మీరలా నించుంటే మాకు ముద్ద దిగట్లేదు."

పేరిందేవి తనకు టికెట్టు లేదని చెప్పింది. చెప్పి, బంతి కొసన కూర్చున్న కండక్టరు వంక చూసింది. అతను ఎడంచేత్తో టికెట్ల మిషను దగ్గరికి లాక్కున్నాడు.

"దానికేవుందండి, కొట్టేద్దాం. ఆడోళ్ళకి డబ్బుల్లేవండి."

"మా అధ్యక్షులవారికి సున్నా చెల్లదు నాయనా. మగవాళ్ళ టికెట్టు కొట్టు."

"ఆయ్, కొట్టమంటే కొడతానండి. ఎక్కణ్ణించి ఎక్కడికండీ?"

పేరిందేవి వంటపాక వైపొకసారి చూసింది. "అక్కణ్ణించి ఇక్కడికి," అని ఆకు చూపించింది. కండక్టరు లంకలపూడి నుంచి పెదగరువు అని కొట్టుకున్నాడు. ఆమె కొంగుముడి విప్పి డబ్బులిచ్చింది. ఏసుపాదం మాస్టారు ఆ టికెట్టు కూడా ఎండకు పెట్టి చూసి, "పురుషుడు, ఒకరు. సరిగ్గా ఉంది. కూర్చోవచ్చు," అన్నాడు.

లంకలపూడిలో మాత్రం సభ్యులు బస్సు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. మొదట్లో ఆటోవాళ్ళు వచ్చి బతిమాలారు. ఆటోలో టికెట్టు ఇవ్వరు కదా అని అధ్యక్షులవారు వాళ్ళను కసిరి పంపించేశారు. తర్వాత కావాలని పిలిస్తే, ఆటోలన్నిటినీ అప్పటికే కడిగి, పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి పూజలు చేస్తున్నారు. పూజ చేసిన బండిని పండగపూట కదపమన్నారు. ఇక గతిలేక అందరూ నడక మొదలుపెట్టారు.

వాళ్ళు హాలు చేరేసరికి కొత్త పంచెలు మోకాళ్ళదాకా దుమ్ముకొట్టి ఎర్రబడ్డాయి. బొట్లు కారి ముక్కుల మీదికి వచ్చాయి. దండపాణి గారి చెప్పు ఒకటి దారిలోనే తెగిపోయింది. రాయి చెక్కినప్పటినుంచీ ఆ దారిన అంత అచ్చమైన బాటసారులు వచ్చి ఉండరు.

ఏసుపాదం మాస్టారు లేచి అటెన్షన్లో నిలబడి, టికెట్టు చూపించమన్నాడు.

"నడిచి వచ్చితిమి," అన్నారు అధ్యక్షులవారు, గ్రాంథికం విడవకుండానే.

"నడకకు ఆధారమేదండీ?"

దండపాణి గారి కళ్ళు మాస్టారి భుజం మీదుగా లోపలికి పోయాయి. గుమ్మానికి ఎదురుగా, ఆయన తనదనుకున్న చోట, పేరిందేవి కూర్చుని ఆవకాయ కలుపుకుంటోంది. ఆమె తలెత్తి చూసింది. ఆయన పాదాల వంక చూసింది. ఒక కాలికి చెప్పు లేదు. మడమ మీద బొబ్బ లేచింది. ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"రానీండి మాస్టారూ. కాళ్ళకున్న దుమ్ము చాలదూ," అంది. "రెండో బంతిలో కూర్చుంటారు."

రెండో బంతి వెయ్యాలంటే మొదటి బంతి లేవాలి. బంతిలో పెద్దవాళ్ళు లేచేదాకా మిగతావాళ్ళు ఆకు ముందునుంచి లేవకూడదు. అది ఏ రాయి మీదా లేదు గాని, గోదావరి గట్టున పుట్టినవాడెవడూ తప్పడు. కూర్చున్నవాళ్ళందరిలోకీ పెద్దది పేరిందేవే. బస్సు జనమంతా తిని, చేతులు ముడుచుకుని, ఆమె ఆకు వంక చూస్తున్నారు. గోడవారగా నిలబడ్డ సంఘమంతా కూడా ఆ ఆకు వంకే చూస్తోంది. ఆమె ఆవకాయన్నం ముగించింది. గారె ముక్క తుంచుకుంది. అది కూడా ముగించింది.

దండపాణి గారు ఆవకాయ జాడీ వంక చూసి గుటక మింగి, అరిగిపోయిన భాగము కొంచెము పొడుగైనదేననీ, అందులో ఇంకా కొన్ని పదార్థములు ఉండి ఉండవచ్చుననీ పక్కనున్న గుర్నాథంతో మెల్లిగా అన్నారు. గుర్నాథం వెంటనే తల ఊపాడు. తీర్మానం లేకుండా ఆ సంఘంలో ఏకగ్రీవమైన మొదటి మాట అదే.

"ఇక లేస్తారాండీ పిన్నిగారూ?" అని గుర్నాథం ప్రాణాలు కళ్ళల్లో పెట్టుకుని అడిగాడు.

"మజ్జిగ రాయి మీద ఉంది నాయనా, మానకూడదు," అని పేరిందేవి ఆకులో కాస్త అన్నం పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి, సూరీణ్ణి నింపాదిగా పొయ్యమంది.